కాలువగట్టున కాపురం

వసుమతి కాలువగట్టు పక్కన కారు ఆపి, అద్దం సగం దించి, కదలకుండా కూర్చుంది. దిగితే పిట్టలు బెదురుతాయి. దిగకుండా ఉంటే కాసేపటికి కారును కూడా ఏ బండరాయో అనుకుని పట్టించుకోవడం మానేస్తాయి. మోచెయ్యి తలుపు మీద మోపి, బైనాక్యులర్స్ కళ్ళకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదిలింది.

మే నెల. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. చాండ్లర్ ఊరు దాటితే దక్షిణాన ఇంకా పొలాలే. ఈ పొలంలో మాత్రం ఈ ఏడు పత్తి వెయ్యలేదు. గాలి తిరిగినప్పుడల్లా అవతలి డెయిరీల పేడ వాసన వస్తోంది. గట్టు వాలులో, ఎప్పుడో నేల ఉడుతలు తవ్వి వదిలేసిన బొరియ ముందు, జానెడు పొడుగున్న గుడ్లగూబ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఇవి పగలే తిరుగుతాయి. చెట్టెక్కవు. నేలలోనే కాపురం. బొరియ గుమ్మంలో ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చిన పేడముక్కలు పరుస్తాయి. ఆ వాసనకి పురుగులు వస్తే తింటాయి.

బర్డ్ క్లబ్ వాళ్ళు ఊరి చుట్టుపక్కల పొలాలను గళ్ళుగళ్ళుగా పంచుకుని, ఏ గడిలో ఏ పిట్ట గూడు పెట్టిందో ప్రతి ఏడూ రాస్తారు. ఈ గడి వసుమతిది. ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ చేసిన ఆమెకు ఈ దేశంలో ఉద్యోగం చేసే వీసా లేదు. ఈ పనికి మాత్రం ఎవరూ వీసా అడగలేదు. ఆమె భర్త భాస్కర్ శుక్రవారాల్లో స్నేహితుడి కారులో ఆఫీసుకు వెళతాడు కాబట్టి కారు ఆమెకు ఉంటుంది.

బొరియలోంచి ఒక గుండ్రటి తల పైకి లేచింది. దాని పక్కన ఇంకొకటి. బూడిదరంగు నూగు, పసుపు కళ్ళు. పిల్లలు! ఇన్ని వారాల నుంచి తల్లి లోపలే ఉండటం చూసి గుడ్లున్నాయని అనుకోవడమే గాని, పిల్లల్ని చూడటం ఇదే మొదలు. వసుమతికి నవ్వొచ్చింది. తండ్రి పిట్ట మోకాళ్ళు వంచి ఒక్కసారి కిందికీ పైకీ ఊగింది. పిల్లలు చటుక్కున మాయమయ్యాయి.

ఏం చూసి బెదిరిందా అని ఆమె అటు తిరిగింది. ఒకాయన చెక్కమేకులు పాతుతూ వస్తున్నాడు. ఒక్కో మేకుకూ నారింజరంగు రిబ్బను. ఆ వరస పొలం మధ్యలోంచి వచ్చి, బొరియలను దాటి, కాలువ నీళ్ళ అంచుదాకా పోయింది. వసుమతి కారు దిగింది.

"ఇక్కడ ఏం చేస్తున్నారండీ?" అని ఇంగ్లీషులో అడిగింది.

"హద్దు పెడుతున్నాం మేడమ్. సోమవారం బుల్‌డోజర్లు వస్తున్నాయి. చిప్ కంపెనీ కొత్త బిల్డింగ్."

"గట్టు కూడానా?"

"ఈ రిబ్బన్ లోపలున్నదంతా చదునే."

"ఇక్కడ గుడ్లగూబలున్నాయి. ఈ బొరియలో ఒక జంట, ఆ తూము దగ్గర ఇంకో జంట. పిల్లలు కూడా ఉన్నాయి."

ఆయన టోపీ వెనక్కి నెట్టి బొరియ వైపు చూశాడు. నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "కంపెనీ ఇంజనీర్ మొత్తం నడిచి చూశాడట మేడమ్. ఇక్కడ ఏమీ లేవని ఆయనే చెప్పాడు."

వసుమతి ఇంకేమీ అడగలేదు. ఆ ఇంజనీర్ ఎవరో ఆమెకు తెలుసు. పొద్దున ఆయనకు పెరుగన్నం డబ్బా కట్టిచ్చి వచ్చింది.

*

భాస్కర్ ఇంటికి వచ్చేసరికి వసుమతి వంకాయలు తరుగుతోంది. అతను బూట్లు విప్పుతుంటే అడుగుల్లోంచి ఎండిన మట్టి రాలింది.

"కాలువ పక్క పొలం మీరే చూశారా?"

"చూశాను."

"పిట్టలు కనిపించలేదా?"

భాస్కర్ రెండో బూటు నెమ్మదిగా విప్పాడు. "కనిపించాయి."

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. కనిపించలేదంటాడని, మిట్టమధ్యాహ్నం ఎండకు అవి లోపల ఉన్నప్పుడు వెళ్ళి ఉంటాడని, పొద్దుటి నుంచీ తనే అతనికి సాకులు వెతికిపెట్టింది.

"మరి లేవని ఎందుకు చెప్పారు?"

"మీటింగ్‌లో యజ్ఞనారాయణ గారు అడిగారు. ఎలా అడిగారనుకున్నావు? 'పిట్టలూ గిట్టలూ ఏం లేవు కదోయ్?' అని. చుట్టూ పదిమంది. అందరూ లేవడానికి రెడీగా ఉన్నారు. లేవన్నాను. ఒక్క మాట. అయిపోయింది."

"అయిపోలేదు. సోమవారం అవుతుంది."

"వసూ, ఆయనెవరో నీకు తెలీదా? మనం ఈ ఊళ్ళో దిగినప్పుడు నెలరోజులు వాళ్ళింట్లో తిన్నాం. నా గ్రీన్‌కార్డ్ పేపర్ల మీద సంతకం పెట్టాల్సింది ఆయన. ఇప్పుడెళ్ళి నేను అబద్ధం చెప్పానండీ అననా?"

"డోరతీకి ఫోన్ చేశాను," అంది వసుమతి. డోరతీ బర్డ్ క్లబ్ పెద్ద, రిటైరైన టీచరు. "పిల్లలున్న గూడు ముట్టుకోకూడదట. నేరమట. వైల్డ్‌లైఫ్ ఆఫీసర్‌కి ఒక్క ఫోన్ చేస్తే పని ఆపేస్తాడట. వీకెండ్ కదా అని ఆయన ఇంటి నంబరే ఇచ్చింది."

ఫ్రిజ్ తలుపు మీది క్యాలెండర్‌లో పెన్సిల్‌తో రాసిన నంబరు అతనికి కనిపించింది. అక్కడే నిలబడి దాన్ని చదివాడు.

"ఆఫీసర్ వస్తే మొదట ఎవర్ని అడుగుతాడు?"

"మిమ్మల్నే."

"తెలిసే నంబర్ రాసుకున్నావన్నమాట."

"రాసుకున్నాను. చెయ్యలేదు. మీరే చెప్పండి ఆయనకి. ఇంకా టైముంది. ఆ గట్టొక్కటీ రెండు నెలలు వదిలేస్తే చాలు. పిల్లలు ఎగిరిపోతాయి. మిగతా పొలమంతా దున్నుకోమనండి, ఎవరొద్దన్నారు?"

భాస్కర్ మొహం కడుక్కుని వచ్చి భోజనానికి కూర్చున్నాడు. అన్నం కలుపుతూ, తలెత్తకుండా, "రేపు వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడతాను," అన్నాడు.

శనివారం వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

"ఏమన్నారు?"

"చూద్దామన్నారు. రేపు లంచ్‌కి రమ్మన్నారు, అందర్నీ పిలుస్తున్నారట." ఆమె వైపు చూడకుండానే గరాజ్‌లోకి వెళ్ళాడు. కారు డిక్కీ తెరిచి మూసిన చప్పుడైంది. ఆ రోజంతా అతను ఇంటిపనులు కల్పించుకుని మరీ చేశాడు. కారుతున్న కుళాయి బాగుచేశాడు. పాత పేపర్లు కట్టలు కట్టాడు. 'చూద్దాం' అంటే ఎవరు, ఏం చూస్తారని అడగాలని వసుమతి రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుని ఊరుకుంది. అడిగితే ఇంకో అబద్ధం వినాల్సి వస్తుందేమోనని భయమేసింది.

*

యజ్ఞనారాయణ గారింట్లో ఆదివారం భోజనాలంటే నాలుగు కుటుంబాలు, పెద్ద నవ్వులు, పులిహోర. ఆయన భాస్కర్‌కు ఆఫీసులో పైఅధికారి, 1960లలోనే ఈ దేశం వచ్చినవాడు. ఎవరికి అపార్ట్‌మెంట్ కావాలన్నా, ఎవరికి కారు లోన్ కావాలన్నా ఆయన ఫోన్ చేస్తే పని జరిగేది. అందర్నీ పేరుపెట్టి పలకరించి, అందరి కంచాల్లోనూ ఆయనే వడ్డించేవాడు. ఆయన భార్య జానకీదేవి వంటింట్లోంచి గిన్నెలు అందిస్తూ ఉండేది. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. పదిమందిలో ఆమె ఇంగ్లీషు మాట్లాడటం ఎవరూ వినలేదు. 

భాస్కర్ గబగబా నాలుగు ముద్దలు తిని లేచాడు. "సైట్‌కి ట్రాక్టర్ ఏదో వచ్చిందట, ఒక్కసారి చూసొస్తాను," అని ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా చెప్పి కారు తీసుకుని వెళ్ళిపోయాడు.

వసుమతి ధైర్యం కూడదీసుకుంది. యజ్ఞనారాయణ గారు చేతులు కడుక్కుని తుడుచుకుంటుంటే దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఆ కాలువగట్టు సంగతి... ఆయన మీతో చెప్పారనుకుంటాను."

"ఏ సంగతమ్మా? ఓ, మీ గుడ్లగూబలా!" ఆయన హాయిగా నవ్వాడు. "మన ఊళ్ళో అది ఇంటిమీద వాలితే శాంతి చేయిస్తారు. నువ్వేమో దానికోసం కారేసుకుని వెళ్తున్నావు. బాగుందమ్మా."

"పిల్లలున్నాయి సార్ లోపల. బుల్‌డోజర్ వస్తే—"

"నువ్వేం బెంగపెట్టుకోకు. ఆ సంగతి భాస్కర్ చూసుకుంటున్నాడు. సోమవారం నాటికి అక్కడ గూళ్ళూ ఉండవు, గొడవా ఉండదు. పక్షికి రెక్కలున్నాయి కదమ్మా, ఇంకో చోటు చూసుకుంటుంది." భుజం మీదికి తువ్వాలు వేసుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు.

వసుమతి మొదట ఊపిరి పీల్చుకుంది. భాస్కర్ చూసుకుంటున్నాడు. తర్వాత ఆ మాటల్లో మిగతా సగం బుర్రకెక్కింది. గూళ్ళు ఉండవు. నిన్న గరాజ్‌లో డిక్కీ ఎందుకు తెరిచాడు? గోడకు ఆనించి ఉండే పార పొద్దున కారు ఎక్కుతున్నప్పుడు అక్కడ ఉందా? లేదు.

వంటింట్లోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. జానకీదేవి అప్పడాలు వేయిస్తోంది.

"అక్కయ్యగారూ, నన్ను ఒకచోట దింపగలరా? ఇప్పుడే."

జానకీదేవి ఆమె మొహం చూసింది. ఎక్కడికని అడగలేదు. స్టవ్ ఆపి, కొంగుకు చేతులు తుడుచుకుని, గోడకు తగిలించిన తాళాలు తీసింది.

పడవంత కారు. పట్టుచీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి జానకీదేవి వేగంగానే నడిపింది. దారి చెబుతూ చెబుతూనే వసుమతి సంగతంతా చెప్పేసింది.

"నిన్న మీ ఆయన వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను," అంది జానకీదేవి. "కాఫీ ఇస్తున్నాను. 'రేపు భోజనాల టైములో వెళ్ళి ఆ కన్నాలు పూడ్చెయ్, అప్పుడెవరూ ఉండరు' అన్నారీయన. ఎలకల కన్నాలేమో అనుకున్నాను." మలుపు దగ్గర కారు తిప్పుతూ, "మీ ఆయన ఆ కాఫీ తాగలేదు," అంది.

*

భాస్కర్ కారు గట్టు కింద ఉంది. అతను ఎండలో టోపీ లేకుండా, చేతిలో పారతో నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అతనికి నాలుగడుగుల దూరంలో, కొత్తగా పోసి కాలితో తొక్కిన మట్టి ముందు, ఆ పిట్ట నిలబడి ఉంది. కిందికీ పైకీ ఊగుతోంది. అరుస్తోంది. 

వసుమతి కారు ఆగకముందే తలుపు తీసుకుని దిగింది.

"అది పోవడం లేదు వసూ," అన్నాడు భాస్కర్. "అదిలించాను. మట్టిగడ్డలు విసిరాను. పక్కకి ఎగిరి మళ్ళీ వచ్చి అక్కడే నిలబడుతోంది."

"ఎంతసేపైంది పూడ్చి?"

"ఇది ఇప్పుడే. తూము దగ్గరది... వచ్చీరాగానే."

"ఎంత లోపలికి కొట్టారు?"

"మోచెయ్యంత. ఇంకా ఎక్కువే. గట్టిగా తొక్కమన్నారు."

అతను పార ఎత్తబోయాడు. "పార వద్దు!" వసుమతి అరిచింది. "లోపల దారి వంపు తిరిగి ఉంటుంది. పారతో కొడితే పైకప్పు కూలుతుంది. చేతులతో తియ్యాలి." అప్పటికే బోర్లా పడుకుని రెండు చేతులతో మట్టి లాగుతోంది. పైన మెత్తగా ఉన్నా లోపల బూటు కింద అణిగిన మట్టి ఇటుకలా బిగిసింది. గోళ్ళు విరుగుతున్నాయి. 

వెనక డిక్కీ తెరిచిన చప్పుడు. మొన్న పాట్‌లక్ భోజనాలకి తీసుకెళ్ళి దింపకుండా వదిలేసిన గిన్నెల్లోంచి జానకీదేవి పొడుగుకాడ గరిటె ఒకటీ, అట్లకాడ ఒకటీ పట్టుకొచ్చింది. అట్లకాడ వసుమతికిచ్చి, తను చీర ఎగదోపుకుని రెండో పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. భాస్కర్ వాళ్ళు తీసిన మట్టిని దోసిళ్ళతో పక్కకు తోస్తున్నాడు. పిట్ట మేకు మీదికెక్కి అరుస్తూనే ఉంది. నారింజరంగు రిబ్బను గాలికి టపటపా కొట్టుకుంటోంది.

వసుమతి చెయ్యి భుజందాకా లోపలికి పోయింది. చెంప నేలకు ఆనింది. అట్లకాడ చివర ఒక్కసారిగా ఖాళీలోకి జారింది. చల్లటి గాలి వేళ్ళకు తగిలింది.

ఆ వెంటనే లోపలి నుంచి బుస్సుమని, గలగలమని చప్పుడు వచ్చింది.

"చెయ్యి తియ్యి! రాటిల్‌స్నేక్!" భాస్కర్ ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. జానకీదేవి గరిటెతో సహా కూలబడింది.

వసుమతి లేచి కూర్చుని వాళ్ళిద్దరి వంకా చూసింది. మొహమంతా మట్టి, చెమట. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "పాము కాదండీ. అవే. పిల్లలు భయపడితే అలాగే చప్పుడు చేస్తాయి, పాముందనుకుని ఎవరూ లోపలికి రాకుండా. బతికే ఉన్నాయి!"

మళ్ళీ ఆ బుస వినిపించింది. జానకీదేవి బొరియకు చెవి దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని విన్నది.

తూము దగ్గరి బొరియ అలా కాలేదు. అక్కడ భాస్కర్ గట్టు అంచు విరగ్గొట్టి తోశాడు. ఎంత తవ్వినా మట్టే వచ్చింది. పైకప్పు కూలి దారి మూసుకుపోయింది. చివరికి అతనే చెయ్యి లోపలికి పెట్టి, చాలాసేపు అలాగే ఉండి, మెల్లిగా బయటికి తీశాడు. అరచేతిలో నూగుతో ఉన్న చిన్న పిల్ల. మెడ వాలిపోయి ఉంది. 

"ఇంకా ఉన్నాయి లోపల," అన్నాడు. "కదలడం లేదు."

వసుమతి దాన్ని అందుకోలేదు. అది అతను మొయ్యాల్సిందేననిపించింది. భాస్కర్ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. జానకీదేవి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎదుటి కంచె మీద ఆ పిల్లల తల్లీ తండ్రీ చడీచప్పుడూ లేకుండా కూర్చుని ఉన్నాయి.

"రేపు పొద్దున ఎలాగూ దున్నేస్తారు," అన్నాడు భాస్కర్. "ఆ నంబరు క్యాలెండర్ మీదే ఉందా?"

"నాకు నోటికొచ్చు," అంది వసుమతి.

"మా ఇల్లే దగ్గర," అంది జానకీదేవి. "అక్కణ్ణుంచే చెయ్యండి."

*

అతిథులు వెళ్ళిపోయారు. యజ్ఞనారాయణ గారు హాల్లో ఆదివారం పేపరు పరుచుకుని కూర్చున్నాడు. ముగ్గురూ మట్టికొట్టుకుని లోపలికి రావడం చూసి కళ్ళజోడు తీశాడు. భార్య పట్టుచీర మోకాళ్ళ దగ్గర చిరిగి ఉంది.

"ఏమిటిది? యాక్సిడెంటా?"

"ఫోన్ వాడుకుంటారట," అంది జానకీదేవి.

భాస్కర్ ఫోను దగ్గరికి వెళ్ళాడు. "సార్, ఆ బొరియలు మళ్ళీ తవ్వాం. ఒక గూట్లో పిల్లలు చచ్చిపోయాయి. నేనే చంపాను. ఆఫీసర్‌కి చెబుతున్నాను."

యజ్ఞనారాయణ గారు లేవలేదు. గొంతు కూడా పెంచలేదు. "కూర్చో భాస్కర్. ముందు మంచినీళ్ళు తాగు. ఆ మనిషితో ఏం చెబుతావు? మీటింగ్‌లో అబద్ధం చెప్పానంటావు. అంతేగా? కంపెనీకి ఇక నువ్వెందుకు? నీ గ్రీన్‌కార్డ్ ఫైలు నా టేబుల్ మీదే ఉంది. సంతకం పెట్టకుండా నేను ఆపక్కర్లేదు. నువ్వే ఆపుకుంటున్నావు."

రిసీవర్ అతని చేతిలో ఉంది. డయల్ టోన్ గదంతా వినిపిస్తోంది. భాస్కర్ వసుమతి వైపు చూశాడు. ఆమె చెయ్యమనలేదు, వద్దనలేదు. తను చెయ్యమంటే రేపెప్పుడైనా ఈ రోజును అతను ఆమె మీదికి నెట్టెయ్యగలడు. అందుకే పెదవి బిగబట్టుకుని నిలబడింది.

"నంబర్ చెప్పు," అన్నాడు భాస్కర్.

ఆమె ఒక్కో అంకె చెప్పింది. అతను తిప్పాడు. అవతల ఎవరో ఎత్తారు. వెనక టీవీలో బేస్‌బాల్ కేకలు.

"నా పేరు భాస్కర్ అండీ. ఆ పొలంలో పిట్టలు లేవని చెప్పింది నేను. ఉన్నాయి. అప్పుడు కూడా ఉన్నాయి. నేను చూశాను."

*

సోమవారం పొద్దున బుల్‌డోజర్లు ట్రక్కుల మీది నుంచి దిగాయి గానీ కదల్లేదు. ఆఫీసర్ బూట్లకు దుమ్ము పట్టిన పొడుగాటి మనిషి. తూము దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. చచ్చిన పిల్లల్ని ఒక్కొక్కటిగా బయటికి తీసి సంచిలో పెట్టాడు. తర్వాత మొదటి బొరియ దగ్గరికి వచ్చి, లోపలి బుస విని తల ఊపాడు.

గట్టు మీద కంపెనీ మనుషులు నలుగురైదుగురు, తలమీద హార్డ్‌హ్యాట్‌తో యజ్ఞనారాయణ గారు, పక్కకు భాస్కర్. వసుమతి తమ కారు దగ్గర నిలబడింది. ఆమె వెనకే పడవంత కారొకటి వచ్చి ఆగింది. జానకీదేవి ఒక్కతే దిగింది.

"ఇక్కడ గూళ్ళు లేవని ఎవరు చెప్పారు?" ఆఫీసర్ అడిగాడు.

"సైటు సంగతంతా మిస్టర్ భాస్కర్ చూశాడు," అన్నాడు యజ్ఞనారాయణ గారు నిదానంగా, చక్కటి ఇంగ్లీషులో. "మేం అతని మాట నమ్మాం. అది మా పొరపాటు."

"నేనే చెప్పాను," అన్నాడు భాస్కర్.

"పూడ్చింది?"

"నేనే."

"నీ అంతట నువ్వేనా? ఆదివారం, సెలవు రోజు, పార తీసుకుని?"

భాస్కర్ నేల చూశాడు. నెలరోజులు తిన్న అన్నం అతని గొంతుకు అడ్డం పడిందని వసుమతికి తెలిసింది. అతను చెప్పడు. తను చెప్పినా విన్నమాటే గాని చూసింది కాదు. కంపెనీ మనుషులు వాచీలు చూసుకున్నారు. ఆఫీసర్ ఏదో రాసుకోబోయాడు.

"నా భర్త చెప్పారు."

అందరూ వెనక్కి తిరిగారు. జానకీదేవి రెండు చేతులతో హ్యాండ్‌బ్యాగ్ పొట్టకు అదుముకుని నిలబడి ఉంది. ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ చెప్పింది. "శనివారం. మా ఇంట్లో. ఆ కన్నాలు పూడ్చమని ఇతనికి చెప్పారు. భోజనాల టైములో వెళ్ళమన్నారు. నేను అక్కడ ఉన్నాను. కాఫీ ఇచ్చాను."

యజ్ఞనారాయణ గారు తెలుగులో, చాలా మెల్లిగా, "జానకీ, కారెక్కు," అన్నాడు.

ఆమె కదల్లేదు. ఆఫీసర్ ఆయన వైపు తిరిగాడు. "ఆమె చెప్పింది నిజమేనా సార్?"

ఆయన భార్యను చూస్తూ ఉండిపోయాడు. ఆమె అబద్ధం చెప్పిందని అంటే చాలు. పదిమందిలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి, ఇంగ్లీషు సరిగ్గా రాని మనిషి. ఆయన మాటే చెల్లుతుంది. హార్డ్‌హ్యాట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నిజమే," అన్నాడు.

మధ్యాహ్నానికి కాలువ పొడుగునా తాడు కట్టారు. బుల్‌డోజర్లు పొలం అవతలి కొస నుంచి మొదలుపెట్టాయి. జులైలో వానలు పడి, పిల్లలు ఎగిరి చెదిరేదాకా ఆ గట్టు జోలికి ఎవరూ రాలేదు. భాస్కర్‌ను ఆ రోజే సైటు పని నుంచి తీసేసి మూల టేబులిచ్చారు. ఏడాది తిరక్కుండా అతనే మానుకున్నాడు. గ్రీన్‌కార్డ్ ఇంకో ఊళ్ళో, ఇంకో కంపెనీలో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 

కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ సోమవారం సాయంత్రం భాస్కర్ హాల్లో దీపం వెయ్యకుండా కూర్చున్నాడు. వసుమతి అతని పక్కన కూర్చుంది. నిన్న ఆ మెత్తటి మెడ వాలిన అరచేతిని అతను మోకాలికి రాసుకుంటున్నాడు. అప్పుడు ఫోను మోగింది.

"వసుమతీ," జానకీదేవి గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "రేపు కూడా అక్కడికి వెళ్తావా?"

"వెళ్తాను అక్కయ్యగారూ. తల్లి మేత తెస్తోందో లేదో చూడాలి."

"నేనూ వస్తాను. నా కారు తాళాలు ఆయన తీసుకున్నారు."

వసుమతి "సార్ ఏమైనా అన్నారా?" అని అడిగింది.

"ఏమీ అనలేదు. పొద్దున్నించీ ఒక్క మాట కూడా అనలేదు." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "ఎన్నింటికి?"

"ఆరింటికి. ఆయన ఆఫీసు టైముకి కారు తిరిగి తేవాలి."

"వీధి చివర నిలబడి ఉంటాను," అంది జానకీదేవి. "హారన్ కొట్టకు."